అక్క మాట నేను మార్చి చెప్పిన చలికాలం

డిగ్రీ పాసయ్యానని నిన్న మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. మా తాతముత్తాతల నుంచి లెక్కేసినా మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే కాబట్టి, ఇక్కడ కెనడాలో, హాలిఫాక్స్ ఫెర్రీలో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడకి కూడా చెప్పేశాను. తర్వాత మా పెద్దమ్మ కూతురు అక్కకి ఫోన్ చేస్తే, "ఇన్నాళ్లకి సాధించావే, మొండిదానా!" అంటూ గట్టిగా ఏడ్చేసింది. ఆ ఏడుపు వింటుంటే, అక్క అస్సలు ఏడవని ఒక చలికాలం గుర్తొచ్చింది.

స్టూడెంట్ వీసాల మీద మనవాళ్లం విమానాల నిండా వచ్చిపడిన రోజులవి. నేను డిప్లొమా చదువుతూ, కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తూ అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో ఉండేదాన్ని. అక్కకి పాప పుట్టింది. పెద్దమ్మకి విజిటర్ వీసా రాలేదు కనుక పథ్యమంతా వీడియో కాల్‌లోనే నడిచింది: వెల్లుల్లి కారం, చెవులకి గుడ్డ, గాలి సోకకుండా కిటికీలకి పరదాలు. చీకటి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న అక్కని చూసి మేమంతా మెచ్చుకున్నాం. "చెప్పినట్టు వినే బాలింత, ఎంత అదృష్టమో!" అని అక్క అత్తగారు అవతలి నుంచి మురిసిపోయేది. మనిషి మునిగిపోతుంటే పథ్యం బాగా చేస్తోందనుకున్నాం, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బాలింతల్ని చూడటానికి ఇంటికొచ్చే నర్సు, మనసెలా ఉందని అడిగింది. అక్కకి ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి మధ్యలో నేను. "ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టుందే. నేను లేకపోతేనే దీనికి మంచిదేమో" అంది అక్క, గోడ వైపే చూస్తూ. బావ గుమ్మంలోంచి, "అది చెప్పకు, పిచ్చని రాసుకుంటారు, పీఆర్ పోతుంది" అన్నాడు. పీఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి; అది నిజంగా పోతుందా అని ఒక్కరమూ కనుక్కోలేదు. కొంచెం అలసట, వాళ్లమ్మ మీద బెంగ అని నవ్వుతూ చెప్పాను నేను. ఎంత చక్కటి ఇంగ్లీషో!

పై వారం నర్సు వచ్చి, అలసట తగ్గిందా అని నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోగా అక్క లేచి ఆవిడ చెయ్యి పట్టుకుని, "నో టైర్డ్. సిక్. మీ, సిక్" అంది. నర్సు నన్నూ బావనూ బయటకి పంపి, అనువాదానికి ఫోన్‌లో వేరే తెలుగావిడని పిలిపించి అక్కతో మాట్లాడింది. బయట మెట్ల మీద బావ, "బానే ఉందని నువ్వేగా చెప్పావు!" అని నామీదే విరుచుకుపడ్డాడు. అసలు మాట చెప్పొద్దన్నది నువ్వేగా అని నేనూ అరిచాను. మందులు, కౌన్సెలింగ్ మొదలయ్యాయి. పీఆర్‌కి ఏమీ కాలేదు. వేసవికి అక్క నెమ్మదిగా మనుషుల్లో పడింది.

ఇప్పటి పిల్లలు డిప్రెషన్ అన్న మాటని జలుబన్నంత తేలిగ్గా అనగలుగుతున్నారు, సంతోషమే. పాప బడికి వెళ్తోంది. అక్క మాత్రం అప్పుడప్పుడూ ఫోన్ చేసి, ఆ మొదటి నెలల్లో పాప ఎలా ఉండేదో చెప్పమంటుంది, తనకేమీ గుర్తులేదట. ఆవులిస్తే కుడి చెయ్యి పైకెత్తేదని, వేడినీళ్లు తగిలితే ఏడుపు ఆపేదని చెప్తాను. ఇంకా, అంటుంది. ఇంకా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ గదిలో ఉన్న ఇద్దర్నీ అప్పుడే కాస్త సరిగ్గా చూసి ఉండాల్సింది.