రాహుకాలం దాటాక పంపిన ఆర్డర్

ఫోన్లో బొమ్మ ఆగిపోగానే, కాసేపైనా చూడకుండా కట్ చేసి మళ్లీ ఎందుకు చేస్తావు అమ్మమ్మా అని అడిగావు కదా. తెర మీద మనిషి కనబడినంత మాత్రాన అవతల వింటున్నట్టు కాదు బిడ్డా. అది నాకు మన మందుల దుకాణంలోనే తెలిసింది, అదీ మీ తాత పుణ్యమా అని.

చంద్రపూర్‌లో అప్పుడప్పుడే దుకాణాల్లోకి కంప్యూటర్లు వస్తున్న రోజులు. నాగ్‌పూర్‌లో మాకు మందులు పంపే హోల్‌సేల్ వాళ్లు ఒక ప్రోగ్రాం ఇచ్చారు. టెలిఫోన్ తీగ తెచ్చి మోడెం డబ్బాకి తగిలిస్తే, అది కాసేపు కీచుకీచుమని అరిచి వాళ్ల సర్వర్‌కి లైను కలిపేది. దాన్ని కంప్యూటర్లో పెట్టడానికి వచ్చినతను విడమరచి చెప్పాడు. మీ కంప్యూటర్లో ఒక సాకెట్, మా సర్వర్లో ఒక సాకెట్, తీగకి రెండు కొసలన్నమాట. ఆ రెండూ కలిశాక మీరు పంపింది మాకు చేరితే 'అందింది' అని జవాబు వస్తుంది, జవాబు రాకపోతే చేరనట్టే అనుకోండి అన్నాడు. నేను గుర్తుపెట్టుకున్నాను. మీ తాత పెట్టుకోలేదు.

ఒక శుక్రవారం. లక్కడ్‌కోట్ నుంచి వచ్చే ఒకాయనకి బడికి వెళ్లే కూతురుంది, రోజూ ఇన్సులిన్ సూది పడాలి. ఆ రకం ఊళ్లో మా దగ్గరే దొరికేది. మాకూ అయిపోయింది. వాళ్లింట్లో ఆ రాత్రికి సరిపడా మాత్రమే ఉందట. ఒంటిగంటలోపు ఆర్డర్ చేరితేనే నాగ్‌పూర్ వాళ్లు ఐసు డబ్బాలో పెట్టి బస్సుకి వేస్తారు. ఆయన పొద్దున్నే వచ్చి మా దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు.

లైను కలిశాక ఆర్డర్ టైపు చేసి, పంపే మీట నొక్కబోయేసరికి పదిన్నర అయింది. మీ తాత గోడ మీద క్యాలెండర్ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"రాహుకాలం షురువైంది. పన్నెండు దాటినంక పంపుత."

"మందుకు రాహుకాలమేందండి? నొక్కుండ్రి!"

"లైను ముందుగాలనే కలిసింది గదనే, మంచి గడియల. గట్లనే ఉండనియ్యి. యాడికి పోతది?"

నేను నొక్కబోతే కీబోర్డు మీద తువ్వాలు కప్పేశారు.

పన్నెండు దాటాక దండం పెట్టుకుని మరీ నొక్కారు. తెర మీద 'కనెక్టెడ్' అని పచ్చగా ఉంది. దాని పక్కన ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూనే ఉంది. జవాబు లేదు.

"పోలేదండి. తెంపి మళ్ల కలుపుండ్రి."

"కండ్లు కనవడుతలేవా? కనెక్టెడ్ అని రాసుంది. కలిసినదాన్ని ఎవడన్న తెంపుకుంటడా?"

మెట్టు మీద ఆయన లేచి నిలబడ్డాడు. "అక్కా, మందు వస్తదా రాదా? ఇంటికి పోయి పొల్లకేం జెప్పాలె?"

నాకు గొంతు పెంచడం చేతకాదు, నీకు తెలుసు. ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్‌కి వెళ్లి నాగ్‌పూర్‌కి ఫోన్ చేశాను. అక్కడి కంప్యూటరతను హిందీలో తీరిగ్గా చెప్పాడు. మీ లైను పొద్దున వచ్చింది, ఏమీ పంపకుండా ఊరికే కూర్చున్నారు, కాసేపు చూసి మా సర్వర్ దానంతటదే తెంపేసింది, ఆర్డరేమీ రాలేదు. పోనీ ఇప్పుడు నోటితో చెబుతాను రాసుకో నాయనా అన్నాను. కంప్యూటర్ వచ్చాక నోటి ఆర్డర్లు తీసుకోవడం లేదు మేడం అన్నాడు!

తిరిగొచ్చి మోడెం స్విచ్ ఆపేశాను. మీ తాత "అరె, అరె" అంటూనే ఉన్నారు. మళ్లీ కలిపితే ఒకసారి బిజీ, ఇంకోసారి సగం అరిచి మూగబోయింది. ఒంటిగంట కావస్తుండగా కలిసింది. కలిసీ కలవగానే నొక్కాను. 'అందింది' అని వచ్చింది.

"సూసినవా, రాహుకాలం దాటినంకనే పోయింది!" అన్నారు మీ తాత.

ఏమనాలి ఆ మనిషిని?

సాయంత్రం బస్సుకి డబ్బా వచ్చింది. ఆయన దాన్ని ఒళ్లో పెట్టుకుని లక్కడ్‌కోట్ బస్సెక్కాడు. మీ తాత ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నారు.

తర్వాత ఫోన్లో మాట్లాడిన ఆ నాగ్‌పూర్ కంప్యూటరతను మా దుకాణానికి వస్తే, చాయ్ ఇచ్చి నాకొచ్చిన హిందీలో ఒక మాట అడిగాను. నవ్వాడు, "సిస్టం అంతే మేడం" అన్నాడు, చాయ్ తాగి వెళ్లిపోయాడు. నేను అడిగింది పెద్ద విషయమేమీ కాదు. మీరు తెంపుకుంటే తెంపుకోండి, కానీ అటు తెగిపోయాక కూడా ఇటు మా తెర మీద కనెక్టెడ్ అని ఎందుకుండాలి?