లియావ్ తాగిన మంచినీళ్ళు

చాంగ్షా నగరంలో పొద్దుగూకాక ఏ సందులో ఏం దొరుకుతుందో లియావ్ బింగ్‌షెంగ్‌కి తెలిసినంతగా ఇంకొకరికి తెలియదని అతని కంపెనీలో అందరూ ఒప్పుకునేవారు. అది నీళ్ళ పంపులు తయారుచేసే కంపెనీ. బయటి జిల్లాల నుంచి పంపులు కొనడానికి ఎవరొచ్చినా, సాయంత్రం కాగానే తీసుకొచ్చి లియావ్ చేతిలో పెట్టేవారు. ముందు పోజీ వీధిలో భోజనం. తరవాత జియేఫాంగ్ పడమటి రోడ్డులో పాటలు పాడుకునే గది. అక్కణ్ణుంచి నాన్‌మెన్‌కౌ సందుల్లో కారం రొయ్యలు. ఇంకా ఓపిక మిగిలితే మూలికల వేడినీళ్ళలో కాళ్ళు నానబెట్టి పిసికే చోటు, తెల్లారగట్ల బియ్యప్పిండి సేమ్యా పులుసు. సంతకాలు మర్నాడు ఆఫీసులో జరిగేవి గానీ, బేరం కుదిరేది మాత్రం ఈ దారిలోనే ఎక్కడో ఒకచోట.

అసలు లియావ్ పంపులు బిగించే మనిషి. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఒకసారి మేనేజరు జెంగ్ వెంట, చూపించడానికి ఒక పంపు మోసుకుంటూ విందుకి వెళ్ళాడు. అక్కడ అతిథులు జెంగ్‌ని చుట్టుముట్టి గ్లాసు మీద గ్లాసు పోస్తుంటే, ఆయన కళ్ళు తేలేసే స్థితికి వచ్చాడు. గోడవారగా నిలబడ్డ లియావ్ ముందుకొచ్చి, "మా సారు వంతు నాకివ్వండి" అని తొమ్మిది గ్లాసుల జొన్న సారా వరసగా ఖాళీ చేశాడు. ఆ తరవాత పంపు భుజాన వేసుకుని తూలకుండా మెట్లు దిగాడు. మరుసటి నెలకల్లా అతని ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో తోలు సంచీ ఉన్నాయి. అందరూ అతన్ని 'సముద్రం' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు వింటే అతనికి ఒళ్ళు పొంగేది, అందులో దాపరికమేమీ లేదు.

ఇరవై ఏళ్ళు ఒళ్ళు పొంగాక కాలేయం కూడా పొంగింది. డాక్టరు కాగితాలు చూసి, "ఇంకొక్క చుక్క తాగినా నా దగ్గరికి రానవసరం లేదు, నేరుగా పైకే పోవచ్చు" అన్నాడు. ఆ మాట వెళ్ళి కంపెనీలో చెప్పుకోవచ్చు కదా. చెప్పలేదు. ఎండిపోయిన సముద్రాన్ని ఎవరు పోషిస్తారని భయం. నలభై నాలుగేళ్ళు వచ్చాక మళ్ళీ స్పానరు పట్టుకోవాలంటే నామోషీ. ఈ రెండింటి మధ్య నలిగి చివరికి పోజీ వీధిలో భోజనశాల నడిపే జియాంగ్ అక్క కాళ్ళావేళ్ళా పడ్డాడు.

మా విందుల్లో ప్రతి మనిషి ముందూ అరచేతిలో ఇమిడేంత గాజు కూజా ఒకటి పెడతారు. దాంట్లోంచి బొటనవేలంత గ్లాసులోకి ఎవరిది వాళ్ళు వంపుకోవాలి. జొన్న సారాకి రంగు ఉండదు. జియాంగ్ అక్క లియావ్ ముందు పెట్టే కూజాలో సీసా మంచినీళ్ళు పోసి తనే స్వయంగా తెచ్చి పెట్టేది. బల్ల నిండా సారా ఘాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాసన కోసం లియావ్ కాలరుకి రెండు చుక్కలు అసలుది రాసుకునేవాడు, నోట్లో ఎప్పుడూ ఎండు వక్క నములుతుండేవాడు. ఇలా మూడేళ్ళు గడిచాయి. నా ప్రాణం నేను కాపాడుకుంటున్నాను, ఇందులో ఎవరికి నష్టం అని తనకి తను చెప్పుకునేవాడు.

నష్టం ఉంది, అతనికి కనపడలేదంతే. నిజంగా తాగే రోజుల్లో ఎదుటివాడి తల ఎప్పుడు తిరుగుతుందో తన తలే చెప్పేది. ఇంక చాలించండన్నా అని తనే గ్లాసులు బోర్లించేవాడు. నీళ్ళకి అలవాటు పడ్డాక ఆ ఎరుక పోయింది. తను కులాసాగా ఉన్నాడు గనక అందరూ కులాసాగా ఉన్నారనుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఒక శరదృతువు సాయంత్రం, షావ్‌యాంగ్ వైపు కొండల నుంచి ఔయాంగ్ దెహౌ వచ్చాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, రైతుల సాగునీటి సంఘానికి పెద్ద. మూడు వందల పంపులు ఎవరి దగ్గర కొనాలో తేల్చేది ఆయనే. బస్సులో ఒక్కడే వచ్చాడు, చంకలో సొంత టీ ఫ్లాస్కు పెట్టుకుని. బల్ల దగ్గర కూర్చోగానే తన గ్లాసు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఏమీ అనుకోకండి. నాకు కడుపులో పుండు ఉండేది, మందులతో మానింది. సారా జోలికి పోవద్దని డాక్టరు ఒట్టు వేయించుకున్నాడు. నేను టీతో మీకు తోడుంటాను."

మేనేజరు జెంగ్ లియావ్ వైపు చూశాడు. ఆ చూపుకి అర్థం లియావ్‌కి తెలుసు. లేచి నిలబడి, కూజాలోంచి గ్లాసు నింపి, దాన్ని మర్యాదకోసం పెద్దాయన టీ కప్పు అంచుకన్నా కిందకి దించి పట్టుకున్నాడు.

"మీరు టీయే తాగండన్నా, బలవంతం ఎవరూ చెయ్యరు. మీ వంతు కూడా నేను తాగుతా. ఒకటి మీకోసం, ఒకటి వదినకోసం, ఒకటి మీ కొండల కోసం."

మూడు గ్లాసులు మూడు గుక్కల్లో తాగి, చుక్క రాలకుండా బోర్లించి చూపించాడు. గొంతు మండినట్టు మొహం కూడా పెట్టాడు, వెధవ పని.

మా దగ్గర ఎదుటివాడు నీకోసం మూడు గ్లాసులు ఖాళీ చేశాక టీ కప్పు పట్టుకుని కూర్చునే మగవాడు ఉండడు. కూర్చుంటే వాడి మొహం చూడరు. ఈ సంగతి ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు, అందరికన్నా బాగా లియావ్‌కి తెలుసు. అందుకే తాగాడు. ఔయాంగ్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు కప్పు వంక చూసి దాన్ని పక్కకి నెట్టేశాడు.

"నాకోసం ఒక మనిషి కడుపు కాల్చుకుంటుంటే నేను టీ చప్పరిస్తూ కూర్చోనా? మమ్మల్ని అలా పెంచలేదు తమ్ముడూ. పొయ్యండి."

చేపల కూర పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన జియాంగ్ అక్క ఈ మాట విని ఆగిపోయింది. లియావ్ వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. లియావ్ చూశాడు. చూసి, చేప ముల్లు తీసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

భోజనం ముగిసేసరికి ఆయన తొమ్మిదో పదో తాగి ఉంటాడు. లియావ్ ఒక గ్లాసెత్తితే ఆయనా ఒకటి ఎత్తేవాడు, లెక్క తప్పనివ్వలేదు. జెంగ్ ఇంటికి వెళ్ళిపోయాడు. మిగిలిన ఇద్దరూ రోడ్డెక్కారు. జియేఫాంగ్ పడమటి రోడ్డు మీద కుర్రకారు ఇసుక వేస్తే రాలనంత మంది ఉన్నారు. ఔయాంగ్ అంత జనాన్ని, అన్ని దీపాలని ఎప్పుడూ చూడలేదు.

"వీళ్ళంతా పొద్దున ఏం పని చేస్తారు తమ్ముడూ?"

"నిద్రపోతారన్నా."

"మరి ఊరిని ఎవరు నడుపుతారు?"

"నిద్ర పట్టనివాళ్ళు నడుపుతారు."

ఔయాంగ్ పడీపడీ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు. పాటల గదిలో మైకు అక్కర్లేదని తోసేసి, కొండ అవతలివాళ్ళకి వినపడేలా వాళ్ళ ఊరి పాట ఒకటి ఎత్తుకున్నాడు. సగంలో ఆపి సోఫాలో కూలబడ్డాడు. మొహం పాలిపోయి చెమటలు పడుతున్నాయి.

"హోటలుకి పోదామా అన్నా?" అని లియావ్ అడిగాడు. అడిగాడు గానీ, నాన్‌మెన్‌కౌ రొయ్యల దగ్గరే ఆర్డరు మాట తేల్చుకోవాలని మనసులో ఉంది.

"నాతో సమానంగా తాగినవాడివి, నువ్వు సిపాయిలా నడుస్తున్నావు. నేను పడుకుంటే ఏం మర్యాద? పద, ఆ రొయ్యలు కూడా చూద్దాం."

నాన్‌మెన్‌కౌలో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, ఎర్రటి నూనెలో మునిగిన రొయ్యల పళ్ళెం ముందుకి రాగానే ఔయాంగ్ వంగి వాంతి చేసుకున్నాడు. ముందు నూనె చిందిందనుకున్నాడు లియావ్. రెండోసారి చేసుకున్నప్పుడు తెలిసింది, రక్తం. అందులో కాఫీ పొడి కలిపినట్టు నల్లటి గడ్డలున్నాయి. అంబులెన్సు వచ్చేదాకా పెద్దాయన తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన మాత్రం కళ్ళు మూసుకునే, "నీ కడుపు ఎలా ఉంది, నీకేం కాలేదు కదా" అని రెండుసార్లు అడిగాడు.

పాత పుండు మళ్ళీ తెరుచుకుందన్నారు. రెండు రోజులు రక్తం ఎక్కించి, గండం గడిచిందన్నారు. ఆఫీసులో లియావ్‌ని అందరూ మెచ్చుకున్నారు. పెద్దాయన పడిపోయాడు, మన సముద్రం చెక్కు చెదరలేదని చెప్పుకున్నారు. అలా అంటుంటే అతనికి తల కొట్టేసినట్టుండేది. మూడు రోజులు ఏదో ఒక వంక పెట్టి ఆసుపత్రి వైపు వెళ్ళలేదు. నాలుగో రోజు జెంగ్ పాల డబ్బాల పెట్టె, పళ్ళ బుట్ట చేతికిచ్చి, "నువ్వే వెళ్ళాలి, ఆయన నీ పేరే కలవరిస్తున్నాడట" అని తోలాడు.

గదిలో ఔయాంగ్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచం పక్కన ఆయన భార్య తియాన్, ఎండకి నల్లబడ్డ సన్నటి మనిషి. లియావ్‌ని చూడగానే ఔయాంగ్ దుప్పటి తీసి లేవబోయాడు. ఆమె భుజం పట్టుకుని ఆపింది.

"రా తమ్ముడూ, రా. నీకు మొహం చూపించలేక చస్తున్నాను. ఆడదానిలా రెండు గుక్కలకే పడిపోయి నిన్ను అందరిలో భయపెట్టాను. నావల్ల నువ్వెంత తాగావో! ఇదుగో ఈవిడతో అదే చెబుతున్నాను, ముక్కూ మొహం తెలియనివాడికోసం ఒళ్ళు పాడుచేసుకునే మనుషులు ఇంకా ఉన్నారని. ఆర్డరు కాగితం పొద్దున్నే సంతకం పెట్టి పంపించాను. అంత మనిషి అమ్మే పంపు మోసం చెయ్యదు."

తియాన్ సంచీలోంచి గాజు సీసా తీసింది. "అడవి దుంప పొడి బాబూ. తాగుడు వేడికి కాలేయానికి మంచిది. నీకోసం ఇంటి దగ్గర తవ్వించి, దంచించి, బస్సులో తెప్పించాను. మూడు నెలలు మానకుండా వేసుకో" అంటూ గ్లాసులో చెంచాడు వేసి వేడినీళ్ళు కలపడం మొదలుపెట్టింది.

నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది లియావ్‌కి. పళ్ళ బుట్ట ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, నేను తాగింది నీళ్ళు" అన్నాడు.

"ఏంటీ?"

"నా కూజాలో సారా లేదన్నా. మంచినీళ్ళు. మూడేళ్ళుగా నీళ్ళే తాగుతున్నాను. ఆ రోజు మీకోసం తాగిన మూడు గ్లాసులూ నీళ్ళే."

ఔయాంగ్ ఒక్క క్షణం అతని వంక చూశాడు. తరవాత పొట్ట పట్టుకుని, నొప్పికి మొహం ముడుచుకుంటూనే నవ్వాడు.

"చూశావుటే? నా మనసు తేలికపడాలని తన మీద తనే బురద పోసుకుంటున్నాడు. నీళ్ళు తాగాడట! ఆ రోజు నీ కాలరు నుంచి ఎంత వాసన వచ్చిందో నాకు తెలియదా? నీ ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నవాణ్ణి నేను. ఇటువంటి మనిషిని నేను తమ్ముడనకుండా ఇంకెవర్ని అంటాను?"

జేబులో ఫోను ఉంది. ఒక్కసారి జియాంగ్ అక్కకి కలిపి ఆయన చెవి దగ్గర పెడితే నిజం తేలిపోయేది. లియావ్ చెయ్యి జేబు దాకా వెళ్ళింది. పెద్దాయన మొహంలో ఆ సంతోషం చూశాడు, సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది, చెయ్యి వెనక్కి వచ్చేసింది. ఏది ఎక్కువ అడ్డుపడిందో ఇప్పటికీ అతను చెప్పలేడు. చెప్పలేకపోవడమే అసలు సిగ్గు.

తియాన్ మాత్రం నవ్వలేదు. గ్లాసులో చెంచా తిప్పడం ఆపి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి గ్లాసు అందించింది. లియావ్ నిలబడే మొత్తం తాగాడు.

సెలవు తీసుకుని లిఫ్టు దగ్గరికి వెళ్ళేసరికి వెనక అడుగుల చప్పుడైంది. తియాన్.

"నీళ్ళేనా?"

"నీళ్ళే వదినా."

"నన్ను వదినా అనకు." గొంతు పెంచలేదామె. "ఆయనకి పుండు ఉండేదని తెలిసే పోయించావా?"

"మానిందని ఆయనే చెప్పారు."

"తాగకూడదని కూడా చెప్పాడు కదా."

లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి.

"నా కాళ్ళు పట్టుకుంటే వద్దనను. కానీ దాంతో నీ బరువు దిగిపోతుంది, నాకు అది ఇష్టం లేదు. విను. ఆయనతో ఈ మాట ఇంకెప్పుడూ అనకు. సగం ప్రాణం పోయింది, ఒక మంచి మనిషికోసం పోయిందనుకుని బతుకుతున్నాడు. ఒక గ్లాసు నీళ్ళకోసం పోయిందని తెలిస్తే ఈసారి లేవడు. నీకు ఫోన్లు చేస్తాడు. మాట్లాడు. తీరిక లేదని పెట్టెయ్యకు. తమ్ముడిలాగే మాట్లాడు, ఆయన ఉన్నన్నాళ్ళూ."

అని వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయింది.

లియావ్ ఆ నెలలోనే గోడౌన్‌కి మార్పించుకున్నాడు. కాలేయం బాగాలేదని రాసిచ్చాడు. అది అబద్ధం కాదు గానీ, కారణం అది కాదు. సముద్రం కూడా చివరికి మనిషే కదా అని జెంగ్ జాలిపడి, వీడ్కోలు విందు ఏర్పాటు చేయబోతే చేతులు జోడించి వద్దన్నాడు. ఇప్పుడు సాయంత్రం కాగానే ఇంటికి పోతాడు. పోజీ వీధి మీదుగా పోయే బస్సు ఎక్కడు.

ఔయాంగ్ ప్రతి పౌర్ణమికీ, అమావాస్యకీ ఫోను చేస్తాడు. పంపులు బాగా పనిచేస్తున్నాయని, చివరి మడి దాకా నీళ్ళు పారుతున్నాయని చెబుతాడు. కొత్త సంవత్సరానికి ఇంటికి రమ్మంటాడు. వెనక వంటింట్లో తియాన్ కూరలు తరుగుతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. చివర్లో ఆయన మరిచిపోకుండా అడుగుతాడు.

"నీ కడుపు ఎలా ఉంది తమ్ముడూ? ఆ రోజు నాకోసం అంత తాగావు."

వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోతుంది.

"బాగానే ఉందన్నా," అంటాడు లియావ్.