నాలుక కింద మాత్ర

మందుల షాపులో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఆమెకు ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకున్నా తెలుసు. చిన్నప్పుడు బొద్దుగా ఉండేదని ఇంట్లో 'బంతి' అనేవారు. ఇప్పుడా పేరు ఎవరి నోటా రావడం లేదు. చేతిగడియారం మోచేతి దాకా జారుతోంది. అమ్మ పట్టుబట్టి మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ నాడి, రక్తపరీక్షలు చూసి మెత్తగానే చెప్పింది. "దీన్ని అనొరెక్సియా అంటారు, ఒళ్లు వస్తుందన్న భయంతో తిండి మానేసే జబ్బు. అసలు మందు తిండేనమ్మా. కంచం ముందు కూర్చోగానే నీ తలలో గోల మొదలవుతుందే, ఈ మాత్ర దాన్ని కాస్త తగ్గిస్తుంది. అంతే. వారం వారం రావాలి."

చీటీలో మందు పేరు చూడగానే బంతి దాన్ని గబుక్కున మడిచేసింది. ఆ మాత్ర రోజూ తాను అమ్మేదే. ఆకలి పెరుగుతుంది, ఒళ్లు వస్తుంది అని కొనేవాళ్లకు తానే చెప్పేది.

ఆ సాయంత్రం నుంచి అమ్మ ఎదురుగా కూర్చుని మాత్ర ఇచ్చేది.

"మింగావా?"

"మింగానే అమ్మా, నోరు కూడా చూస్తావా ఏంటి?"

పళ్లు తోముకునే నెపంతో వెళ్లి నాలుక కిందిది ఉమ్మేసేది. పన్నెండు రోజులు అలాగే గడిచాయి.

పదమూడో రోజు షాపులో కళ్లు బైర్లు కమ్మాయి. అరను పట్టుకుని నిలదొక్కుకుని, ఓ పెద్దాయనకు గుండె మాత్రలు అందించింది. ఆయన మెట్లు దిగుతుండగా షాపు యజమాని కేక వేశాడు.

"అయ్యా, ఆగండి! ఆ పెట్టె ఓసారి ఇవ్వండి."

అందులోది చీటీలో రాసినదానికి నాలుగింతల మోతాదు.

పెట్టె మార్చి ఆయన్ని పంపించేశాక యజమాని ఆమె వైపు స్టూలు జరిపాడు. "ఎనిమిదేళ్లలో ఒక్క తప్పు లేదు నీది. ఏమైందమ్మా?"

తిట్టి ఉంటే బాగుండుననిపించింది. "నా మాత్ర నేను వేసుకోవట్లేదు బాబాయ్, అమ్మకు తెలియకుండా ఉమ్మేస్తున్నాను."

"అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తాను."

ఆ రాత్రి విషయం విని అమ్మకు కోపం తన్నుకొచ్చింది. "ఇన్నాళ్లూ నా కళ్లలో దుమ్ము కొట్టావా?"

"భయమేసిందమ్మా. అది వేసుకుంటే తింటానేమోనని."

అమ్మ లేచి మాత్రల డబ్బా తెచ్చింది. మాత్ర తీసి చేతిలో పెట్టింది. బంతి దాన్ని నోట్లో వేసుకుంది. మింగింది. గొంతులోనే ఉన్నట్టనిపించి ఇంకో గ్లాసు నీళ్లు తాగింది.

మర్నాడు డాక్టరమ్మకూ దాచకుండా చెప్పింది. ఆమె సెలవు పెట్టించి, తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టింది. మొదటి వారమంతా మత్తు, చిరాకు. మాత్ర మానేస్తానని బంతి అమ్మతో రెండుసార్లు గొడవపడింది. ఐదో వారానికి తలలో గోల ఆగలేదు గానీ, పక్కగదిలోంచి వినబడుతున్నట్టు పలచబడింది. ఓ పూట కంచం ఖాళీ చేసి, తిన్నందుకు అరగంట ఏడ్చింది. అమ్మ పక్కనే కూర్చుంది.

ఐదు నెలలకు షాపుకు తిరిగి వచ్చింది, మధ్యాహ్నం దాకానే. ఆమె తీసిచ్చిన ప్రతి పెట్టెనూ యజమాని ఇంకోసారి చూసేవాడు.

"నా మీద నమ్మకం లేదా బాబాయ్?"

"నీకుందా?"

ఆమె చేతిలోని పెట్టెను ఆయన వైపు జరిపింది. "ఇంకా లేదు" అని, తర్వాతి చీటీ అందుకుంది.