మొగ దగ్గర నీలిచుక్క

మా పల్లెలో వేటకు బయల్దేరే మనిషిని "ఎక్కడికి?" అని అడగరు. అడిగితే వల ఖాళీగా వస్తుందని నమ్మకం. రత్తయ్య బావకు ఈ ఆచారం ప్రాణం. చేపలు పడే తన చోటు ఎక్కడో కట్టుకున్న భార్య సౌభాగ్యమ్మకు కూడా చెప్పలేదు. ఎవర్నీ నమ్మడు గనక ఒంటరిగానే వెళ్తాడు. పక్కింటి రాంబాబునైతే కలలో కూడా నమ్మడు.

అలాంటివాడి చేతిలో కూతురు జ్యోతిర్మయి బందరు నుంచి వచ్చి కొత్త ఫోన్ పెట్టింది. తండ్రి నీటి మీద ఎక్కడున్నాడో తల్లి ఫోన్‌లో నీలిచుక్కగా కనబడుతుందట. ఒడ్డు కనబడే దూరంలోనే వేట కాబట్టి సిగ్నల్ అందుతుంది. సౌభాగ్యమ్మ సంబరపడిపోయింది. వారం తిరక్కుండా రత్తయ్య చోటులో రాంబాబు పడవ తేలింది.

"చూశావా బావా? ఇది మా అమ్మాయి ఇచ్చిన ఫోన్ కాదు, రాంబాబు పెట్టిన కాపలా!" అని రత్తయ్య నా ముఖం ముందు దాన్ని ఆడించాడు.

నేను కొట్టిపారెయ్యలేదు. సౌభాగ్యమ్మ ఫోన్ ఎప్పుడూ అరుగు మీదే పడుంటుంది, రాంబాబు మంచినీళ్ల వంకతో అటే వస్తాడు. పైగా నేనోసారి అవనిగడ్డలో చెప్పుల ధర అడిగొస్తే, ఆ తర్వాత నా ఫోన్ నిండా చెప్పుల ప్రకటనలే. మనం ఎక్కడ తిరుగుతున్నామో చెప్పే వస్తువు మనవాళ్లకే చెబుతుందని ఏమిటి నమ్మకం? దాన్ని చూస్తే నాకు ఒళ్లు మంట.

రత్తయ్యకో ఉపాయం తట్టింది, ఎప్పట్లాగే ఎవరికీ చెప్పలేదు. కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఫోన్‌ను కవర్లో చుట్టి మడచెట్టు కొమ్మకు కట్టేసి వేటకు వెళ్లేవాడు. వస్తూ విప్పుకొనేవాడు. చుక్క చూసేవాళ్లకు అతను మొగ దగ్గరే ఉన్నట్టుండేది.

మాఘమాసంలో ఓ రోజు అతని ఇంజను ఆగిపోయింది. దక్షిణపు గాలి పడవను లాక్కుపోయింది. పిలవడానికి చేతిలో ఫోన్ లేదు.

పొద్దుగూకినా రాకపోతే నేను వాళ్లింటికెళ్లాను. సౌభాగ్యమ్మ ఫోన్ చూపించింది.

"మొగ దగ్గరే ఉన్నాడన్నయ్యా. పోటు కోసం ఆగుంటాడు."

నిజమే అనిపించింది. ఆటు వేళ మొగలో ఇసుక మేట బయటపడుతుంది, పోటెక్కేదాకా పడవలు లోపలికి రాలేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పడుకున్నాడనుకున్నాం. వెతకడానికి ఒక్కరమూ పడవ తియ్యలేదు.

మర్నాడు ఆమె ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"నేనేనే. వేరే ఊరోళ్లు చూసి గిలకలదిండి రేవుకు లాక్కొచ్చారు."

గొంతు రత్తయ్యదే. కానీ చుక్క మొగ దగ్గరే ఉంది. మనిషి గొంతు దొంగిలించి మోసం చేసేవాళ్లుంటారని జ్యోతిర్మయి చెప్పి ఉంది.

"ఎవడ్రా నువ్వు? మా ఆయన మొగ దగ్గరున్నాడు!" అని పెట్టేసింది.

అతను మళ్లీ చేసి అరిచాడు. "అక్కడున్నది నేను కాదే పిచ్చిదానా! ఫోన్‌ను మడచెట్టుకు కట్టొచ్చాను!"

ఆమె ఆ చుక్కను ఇంకోసారి చూసి, ఫోన్‌ను అరుగు మీద బోర్లించింది.

సాయంత్రం రత్తయ్య కోడూరులో బస్సు దిగి, ఎవరిదో బండెక్కి వచ్చాడు. పెదాలు పగిలి, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. సౌభాగ్యమ్మ తిట్టలేదు.

"ఇన్నేళ్లూ నువ్వొచ్చేదాకా సముద్రం కేసే చూసేదాన్ని. నిన్న ఆ చుక్కను చూసి, కడుపునిండా తిని పడుకున్నానయ్యా" అని ఏడ్చింది.

ఫోన్‌ను నేనే విప్పి తెచ్చాను. ఆపదలో పిలవడానికి పనికొస్తుందని బావ ఒప్పుకున్నాడు. అంతకుమించి నమ్మడు, నేనూ నమ్మను. ఇప్పుడు దాన్ని ఆపేసి, కవర్లో చుట్టి మొలకు కట్టుకుంటున్నాడు.

ఇంజను బాగయ్యాక మళ్లీ బయల్దేరిన రోజు సౌభాగ్యమ్మ ఒడ్డుదాకా వచ్చింది. అందరం వింటుండగా అడిగింది.

"ఎక్కడికి?"

మేమంతా బిగుసుకుపోయాం. రాంబాబు వల దులపడం ఆపాడు. రత్తయ్య పడవ దిగి, మోకాలిలోతు నీళ్లలో వెనక్కి నడిచొచ్చి, ఆమె చెవిలో చెప్పాడు.