డ్యూకు తమ్ముడూ, రెండు పాలపొడి డబ్బాలూ

సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను పనిచేసే ఆసుపత్రి నుంచి ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్ళిపోతూ ఒక ఫిలిప్పీన్స్ నర్సు నాకు అట్టపెట్టెడు ఇంగ్లీషు నవలలు వదిలి వెళ్ళింది. అన్నీ ఒకే కాలానివి. రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ముసలి రాజుకు మతి చలిస్తే కొడుకు రాజ్యం చూశాడట, ఆ కాలం. కథ కూడా అన్నింట్లో ఒకటే. ఒక పెద్దింటి అబ్బాయీ, ఒక అమ్మాయీ ప్రేమించుకుని విడిపోతారు. ఏళ్ళ తర్వాత ఏదో విందులో ఎదురుపడతారు. అక్కణ్ణుంచి రెండు వందల పేజీలు ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటారు.

హాస్టల్లో నా రూమ్మేట్‌ది భీమవరం పక్క పల్లె. ఇంగ్లీషులో మందుల చీటీ తప్ప ఇంకేమీ చదవదు. కథ మాత్రం కావాలి. అందుకని శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ వారం చదివినంత మేర తెలుగులో చెప్పేదాన్ని.

ఆ కాలపు కట్టుబాట్లు విడమరిచి చెప్పాల్సి వస్తుందనుకున్నాను. పెళ్ళికాని పిల్ల పెద్దావిడ తోడు లేకుండా గడప దాటకూడదు. పరాయి మగాడితో బండెక్కకూడదు. ప్రధానం కాకుండా అతనికి ఉత్తరం రాయకూడదు. మా రూమ్మేట్ వింటూ ఆవలించింది. మాకు బజారుకి వారానికి రెండుసార్లు బస్సు, ఎక్కితే సంతకం, దిగితే సంతకం, హోటల్లో ఫ్యామిలీ సెక్షను వేరు. వాళ్ళకీ వార్డెను ఉందన్నమాట, అని ఊరుకుంది. ఆమెకు వింతగా తోచింది ఒక్కటే, ఆ జనం పగలు పన్నెండింటిదాకా పడుకోవడం.

సౌదీ ప్రభుత్వం నితాఖత్ రూలును గట్టిగా పట్టుకున్న ఏడాది అది. కంపెనీలకు రంగులు వేశారు. చాలినంతమంది సౌదీలను పనిలో పెట్టుకున్న కంపెనీ పచ్చ, పెట్టుకోనిది ఎరుపు. ఎర్ర కంపెనీలో ఉన్నవాడికి ఇఖామా, అంటే దేశంలో ఉండే పర్మిట్టు, రెన్యువల్ కాదు. గడువులోగా పచ్చ కంపెనీకి మారాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. మా మెస్సులో కూర బాగుందా లేదా అని అడగడం మానేసి, మీది ఏ రంగు అని అడగడం మొదలైంది.

కథలో మేమొక మంచి పట్టులో ఉన్నాం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన డ్యూకు తమ్ముడు, ఒకప్పుడు తనను కాదన్న పిల్ల ఇప్పుడు మేనత్త కుక్కపిల్లను షికారు తిప్పుతూ బతకడం చూశాడు. ఆ మర్నాడే మా వార్డులో గుండె మానిటరు ఆగిపోయింది. దాన్ని బాగుచేయడానికి దమ్మాంలోని ఒక కంపెనీ మనిషిని పంపింది. మానిటరు వెనక నుంచి లేచి నిలబడ్డ ఆ మనిషిని నేను పద్నాలుగేళ్ళ కిందట పెళ్ళి చేసుకోవాల్సింది.

మాది నరసాపురం దగ్గర. ప్రధానం అయిపోయింది. పెళ్ళి వారం పదిరోజుల్లో ఉందనగా నా వీసా వచ్చింది. పెళ్ళికాని నర్సులకే ఇస్తారని ఏజెంటు చెప్పాడు. రెండేళ్ళేగా అన్నాను. ఆయన సరేనన్నాడు. వచ్చిన మొదటి నెల డ్యూటీల హడావుడిలో ఉత్తరం రాయలేదు. రెండో నెల, మొదటి నెల రాయనందుకు ఏం సంజాయిషీ చెప్పాలా అని ఆలోచించాను. మూడో నెలకు ఆ సంజాయిషీ ఇంకా పెద్దదయింది. ఆలస్యం అమృతం విషం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. సిగ్గుపడి రాయలేదు, అంతే. ఇంకే గొప్ప కారణమూ లేదు. మొదటి సెలవుకు వెళ్ళేసరికి ఆయనా గల్ఫుకు వెళ్ళిపోయాడన్నారు. ఇక మొహం చూపించనక్కర్లేదని అప్పుడు హాయిగా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఆయన జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టాడని చెవులు ఎర్రబడటం చూసి తెలుసుకున్నాను. బేటరీ పోయిందండి సిస్టరు గారూ, అన్నాడు. కొత్తది ఎన్నాళ్ళొస్తుందండీ, అన్నాను. రెండేళ్ళొస్తుందన్నాడు. ఆ మాట అన్నాక ఇద్దరం మానిటరు వంక చూశాం.

తర్వాత ఆ మానిటరు కోసం ఇంకో మూడుసార్లు వచ్చాడు. అది శుభ్రంగా పనిచేస్తోంది. తీగలు ఊడదీసి మళ్ళీ బిగిస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పెళ్ళి చేసుకోలేదు, నాలాగే. తల్లి పోయింది. కంపెనీ ఎర్రది. మా ఆసుపత్రి మెయింటెనెన్సు చూసే కంపెనీ పచ్చది. టెక్నీషియన్ కావాలని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. రోజూ దాన్ని దాటుకునే వార్డుకు వెళ్తాను. చెబితే, నీకెందుకు అంటాడేమోనని చెప్పలేదు. కుక్కపిల్లను తిప్పే పిల్ల నాకన్నా నయం, ఆవిడ వానల గురించైనా మాట్లాడింది.

చివరిసారి వచ్చినప్పుడు స్క్రూడ్రైవరు సంచిలో పెట్టుకుంటూ అన్నాడు.

"గురువారం నా ఫ్లైటండి. ఇంటికేవన్నా పంపాలా?"

ఇక్కడ ఊరికి వెళ్ళే ప్రతివాడూ తెలిసినవాళ్ళందరినీ అడిగే మాట ఇది. దీనికి జవాబు చెప్పడానికి ఆలోచన అక్కర్లేదు, నోటికి అలవాటైపోయింది. అమ్మకి రెండు డబ్బాలు పాలపొడి పంపాలన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

రూమ్‌కొచ్చి చెబితే మా రూమ్మేట్ ముద్ద కంచంలో పెట్టేసింది.

"నోట్లో నాలుక లేదా అక్కా నీకు? పద్నాలుగేళ్ళకి మనిషొచ్చి అడిగితే పాలపొడంటావా?"

ఆయన అడిగింది పార్సిల్ గురించేనని, అందరూ అడిగే మాటేనని వాదించాను.

"అడగడానికి ఆయనకి ఇంకో మాటెక్కడుంది?" అంది.

అయినా డబ్బాలు కొన్నాను. అట్టపెట్టెలో పెట్టి టేపు చుట్టి, అమ్మ పేరు రాశాను. చుడుతున్నంతసేపూ భయం వేసింది. ఇప్పుడు వెళ్తే ఈ మనిషి ఇక నాకు ఏ వార్డులోనూ కనిపించడు.

బుధవారం మధ్యాహ్నం పార్సిల్ తీసుకోవడానికి ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చాడు. గార్డు ముందున్న బల్ల మీది పెట్టెను ఎత్తి చూసి, నాలుగు కిలోలుంటదండి అన్నాడు.

"వెళ్ళొద్దండి," అన్నాను. "మా మెయింటెనెన్సు వాళ్ళది పచ్చ కంపెనీ. మనిషి కావాలని నోటీసు పెట్టి రెండు వారాలైంది. నేను చెప్పలేదు. అప్పుడు రాయనిదీ నేనే. తప్పంతా నాది."

ఆయన పెట్టె దించాడు. దాని మీది టేపును గోటితో నొక్కాడు.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పిల్లా పిల్లాడి పేర్లు చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమంటారు. మా పేర్లు రెండు ఆదివారాలు చదివారు. ఇద్దరం కూర్చుని విన్నాం. మూడో ఆదివారానికి నేను ఇక్కడున్నాను.

"మీరెళ్ళిపోయారని పాస్టరు గారికెవరూ చెప్పలేదండి," అన్నాడు. "మూడోసారీ చదివేశారు. అభ్యంతరం ఉందా అన్నారు. అందరూ నాకేసే చూశారు. నాకు లేదు కదండీ. లేవకుండా కూర్చున్నాను."

నాకు ఏడుపొచ్చింది. నర్సులం ఏడుపొస్తే దూరే దుప్పట్ల గదిలో ఏడవాల్సినది గార్డు ముందే ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. ఓదార్చడానికి ఆ గేటు దగ్గర వీలూ లేదు. ఆ కంపెనీ ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుందని అడిగాడు. నమాజుకి కట్టేశారు, నాలుగింటికి తీస్తారని చెప్పాను. నాలుగింటికి వస్తానన్నాడు. పెట్టెను బల్ల మీదే వదిలేసి రెండడుగులు వేసి ఆగాడు.

"ఈసారి అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పు," అన్నాడు.

అండీ లేకుండా ఆయన నాతో మాట్లాడి పద్నాలుగేళ్ళయింది. లేదన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, గార్డు తలెత్తి చూశాడు.