అటకెక్కించిన పుస్తకాలు

మా బయ్యూమీ హాజీ పోయి ఆరేళ్లయింది. అల్లా ఆయన సమాధిని చల్లగా ఉంచాలి. కైరోలో అజ్‌హర్ మసీదు వెనక సందులో ఆయన పుస్తకాలు అచ్చువేసి అమ్మేవాడు. ఎదుటి కొట్లో నేను పుస్తకాలు కుట్టేవాణ్ణి.

మసీదులో మూడో స్తంభం దగ్గర పాఠం చెప్పే షేక్ దసూఖీ గారు నమాజు మీద రైతులకు అర్థమయ్యేలా ఒక పుస్తకం రాశారు. హాజీ తన ఖర్చుతో అచ్చువేశాడు. రాసినవారికి డబ్బివ్వడం అప్పట్లో లేదు. వంద ప్రతులిస్తే వాళ్లే అమ్ముకోవాలి. ఆ వందా అమ్మి మక్కా వెళ్లాలని షేక్ గారి ఆశ. ఓడకు నలభై రోజులే ఉంది. డెబ్బై దాటిన మనిషి, మరుసటేటి మీద నమ్మకమేముంది?

హాజీ కొట్లో పుస్తకం బాగా పోతోంది. షేక్ గారి దగ్గర ఒక్కటీ కదల్లేదు. శిష్యుల్ని డబ్బు అడగాలంటే ఆయనకు సిగ్గు.

మనకు బోణీ అయి పక్కవాడికి కాకపోతే, వచ్చిన బేరాన్ని అతని దగ్గరికి పంపడం మా బజారు అలవాటు. ఒక పొద్దున హాజీ తన ప్రతులన్నీ కట్టగట్టి నా అటకమీద పెట్టించాడు. అడిగినవాళ్లతో, "నా కొట్లో లేదు బాబూ, మూడో స్తంభం దగ్గరికి వెళ్లండి. ఎనిమిది ఖిర్షులు. ఆయన అడగరు, మీరే చాపమీద పెట్టండి" అనేవాడు.

వారం తిరక్కుండానే షేక్ గారు కర్ర పొడుచుకుంటూ వచ్చారు.

"ఏం బయ్యూమీ, నా పుస్తకం లేదంటున్నావట. అమ్మడం నామోషీ అయిందా?"

"నాకు బోణీ అయింది షేక్ గారూ. మీకు కాలేదు."

"అందుకని అబద్ధమాడతావా? అదీ నమాజు పుస్తకం మీద?"

"నా కొట్లో లేదన్నాను, లేదు. ఎదుటి కొట్టు అవాద్ అటకమీద ఏముందో ఎవరూ అడగలేదు."

ఆయన నావైపు చూశారు. నేను దారం వెతుక్కుంటున్నట్టు తల వంచాను.

"కాబా ముందు నీకోసం దువా చేద్దామనుకున్నా," అన్నారు షేక్ గారు నవ్వాపుకుంటూ. "ముందు నీ నాలుక కోసం చెయ్యాలి."

"ముందు అక్కడికి చేరండి. ఇంకా అరవై ప్రతులున్నాయి. కూర్చోండి, తిందాం, చిక్కుడు గింజలు చల్లారిపోతున్నాయి."

ఓడకు నాలుగు రోజుల ముందు ఆఖరి ప్రతి అమ్ముడుపోయింది. ఈలోగా వేరే సందులో ఎవరో అదే పుస్తకాన్ని చవగ్గా అచ్చువేసి ఊరంతా అమ్మేశారు. హాజీ కట్టల్ని అడిగే దిక్కు లేకపోయింది.

"మునిగావు హాజీ," అన్నాను, ఓడరేవుకు బయల్దేరిన షేక్ గారి సామాను మోసుకుంటూ రైలు స్టేషనుకు నడుస్తూ.

"తర్వాత ఏడుద్దాం. ఆ చివర పట్టుకో, ఆయన పరుపు జారిపోతోంది," అన్నాడు.