కొప్పు పట్టే టోపీ

సహోదరులారా, మన తలవెంట్రుకలన్నీ దేవుడు లెక్కపెట్టి ఉంచాడని మీరు వినే ఉంటారు, నా విషయంలో ఆ లెక్క ఆయనకు ఎంత తేలికో నేను టోపీ తీస్తే మీకే తెలుస్తుంది. బడికీ నాకూ ఐదో తరగతిలోనే చెడింది, వాక్యం ఎక్కడ ఆపాలో నాకు తెలియదు, అయినా మా పాస్టరుగారు "నువ్వు మాట్లాడినట్టే రాయి ఏసోబూ" అన్నారు కాబట్టి రాస్తున్నాను. తప్పులుంటే ఆయన్ని అడగండి, మహిమ మాత్రం దేవునికే చెల్లించండి.

నేను మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీని. ఎండాకాలంలో యాసంగి వడ్లు మిల్లుకొచ్చే రోజుల్లో, బస్తా వీపు మీద ఉండగానే నా కుడిచెయ్యి నన్ను వదిలేసింది. బస్తా కిందపడింది, దాని మీద నేను పడ్డాను, అదే మేలైంది, అది నా మీద పడి ఉంటే ఈ సాక్ష్యం నా భార్య సుగుణ చెప్పవలసి వచ్చేది. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతే పక్షవాతం అన్నారు. "కాలు వస్తది, చెయ్యి సంగతి మాత్రం నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. అన్నం ముద్ద నోటిదాకా రాదు, చొక్కా గుండీ పట్టదు, ఆ చెయ్యి నా పక్కన ఎవరో మరిచిపోయి వెళ్ళినట్టు పడి ఉండేది. మిల్లులో అందరినీ నవ్వించేవాణ్ణి, నా ఇంట్లోనే నవ్వు ఆగిపోయింది సహోదరులారా, ప్రార్థనకు కూడా నోరు లేచేది కాదు.

మా సంఘంలో ఒక అలవాటు ఉంది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక విధవరాళ్ళనూ, మంచాన పడ్డవాళ్ళనూ పేరుపేరునా పిలిచి దుప్పటి ఇస్తారు. ఆ దుప్పట్ల మూటలు ఏటా నా వీపు మీదనే మందిరంలోకి వచ్చేవి. చలి మొదలైన ఒక ఆదివారం పాస్టరుగారు ఆ పేర్లు చదివారు, అందులో నా పేరు వచ్చింది. మందిరం మొత్తం నా వైపు తిరిగి జాలిగా చూసింది. పక్షవాతాన్ని ఓర్చుకున్నాను గానీ ఆ చూపును ఓర్చుకోలేకపోయాను. ఎడమచేత్తో కుర్చీ పట్టుకుని లేచాను.

"అయ్యగారూ, నా పేరు కొట్టెయ్యుండ్రి. ఆ దినం నేను తీస్కునేటోళ్ల వరసల నిలబడ. ఇచ్చేటోళ్ల వరసలనే ఉంట."

"ఏమిస్తవ్ ఏసోబూ?" అని ఆయన మెల్లగా అడిగారు.

"దేవుడు చెప్తడు" అని కూర్చున్నాను. ఏమివ్వాలో నాకెలా తెలుస్తుంది, చెంచా ఎత్తలేనివాణ్ణి.

ఇంటికొచ్చి మోకాళ్ళ మీద పడ్డాను. "ప్రభువా, నోరు జారింది నేనే గాని, నీ పేరు జెప్పి కూసున్న. ఇగ నా ఇజ్జత్ పోతే నీది గూడ జర పోతది. వాక్యంల చెయ్యి ఎండినోన్ని అందరి నడుమ నిలబెట్టినవ్ గద, నన్ను మూలకు కూసోబెట్టకు తండ్రీ" అని గట్టిగానే అడిగాను. కొట్లాట లాగానే ఉంది ఆ ప్రార్థన, ఆయన కోప్పడలేదు.

సుగుణ కోదాడ పిల్ల. చిన్నప్పుడు హాస్టల్‌లో ఊలు అల్లిక నేర్చుకుంది, పుట్టిన పిల్లలకు టోపీలు అల్లి ఇస్తుంటుంది. చేతికి కసరత్తు కోసం దవాఖానలో ఇచ్చిన రబ్బరు బంతిని నేను విసిరేయడం చూసి చూసి, అల్లిక సూదులు తెచ్చి నా ఒడిలో పడేసింది.

"బంతి పిసకటం చేతకాదన్నావుగా, ఇది పట్టుకో."

"మగోన్ని నేను, టోపీలు అల్లుకుంట కూసోవాల్నా?"

"మగాడివైతే ఒక్క వరస అల్లి చూపించు."

ఆ మాట నన్ను పట్టుకుంది, ఇచ్చే వరసలో నేనిచ్చేది టోపీలే అనుకున్నాను. కుడిచెయ్యి సూదిని పట్టలేదు కాబట్టి ఆ సూదిని చంకలో ఇరికించాను, పనంతా ఎడమచేత్తో నడిపించాను. నాకు వచ్చింది ఒకే రకం కుట్టు, అది చాలు అంది సుగుణ. రెండు దారాలు కలిపి పట్టి, లావు సూదులతో అల్లితే టోపీ త్వరగా పెరుగుతుంది, సన్నపని చేసుకుంటూ కూర్చుంటే ఈ క్రిస్మస్ పోయి ఇంకో క్రిస్మస్ వస్తుంది. సుగుణ దారాన్ని నా కుడిచేతి చూపుడువేలికి చుట్టేది, అది జారిపోయేది. జారిన ప్రతిసారీ "సాతానా, నీకు పనిలేదేమో, నాకు పండుగ పని ఉంది" అని మళ్ళీ చుట్టించుకునేవాణ్ణి.

మిల్లు దోస్తులు చూడటానికొచ్చి వాకిట్లోనే పగలబడి నవ్వారు. "ఏం మామా, స్వెట్టర్ల దుకాణం వెట్టినవా?" అన్నాడొకడు.

"నీ తలకాయ కొలతియ్యిరా, ఊలు సరిపోతే నీకూ అల్లుత" అన్నాను. చాలా రోజుల తర్వాత నా నోరు నాకు దొరికింది.

ఒక మధ్యాహ్నం సుగుణ బియ్యం చెరుగుతోంది, నేను దారం లాగాను, అది జారలేదు. వేలి మీద బిగువు తెలిసింది. ఆమెను పిలిస్తే చేట కింద పెట్టి వచ్చి దారం అవతలి కొస పట్టి గుంజింది, నా వేలు వదల్లేదు సహోదరులారా, ఇంకా గట్టిగా గుంజింది, అయినా వదల్లేదు, ఆమె అక్కడే కూర్చుని ఏడ్చేసింది, దేవునికే మహిమ! చెయ్యి మొత్తం రాలేదు, ఇప్పటికీ రాలేదు, బస్తా ఎత్తలేను. కానీ డాక్టరు చెప్పలేనన్న చెయ్యి దారం పట్టింది, ముద్ద పట్టింది.

అయితే నేను టోపీలన్నీ నా గుండు కొలతకే అల్లాను. పండుగ దగ్గరపడ్డాక ఒకటి తీసుకెళ్ళి మా వీధిలోని మార్తమ్మ పెద్దమ్మ తలకు పెట్టి చూశాను. ఎనభై దాటిన విధవరాలు, నెత్తి మీద ఇంత కొప్పు. టోపీ ఆ కొప్పు మీద కూర్చుంది, చెవులు బయటే ఉన్నాయి.

"ఇదేందిర ఏసోబు, కుండ మీద మూత వెట్టినట్టు వెట్టినవ్? అందరి తలకాయలు నీ తలకాయ లెక్కనే ఉంటయనుకున్నవా?"

దుప్పటి తీసుకునేవాళ్ళలో సగానికి పైగా కొప్పులవాళ్ళే. ఆ సాయంత్రం టోపీలన్నీ తెచ్చి సుగుణ ముందు కుప్పపోశాను. సుగుణ నవ్వి, టోపీ పైకొస విప్పి, మూయకుండా అలాగే వదిలేసి తన తలకే పెట్టుకుంది, చెవులు కప్పుకుపోయాయి, కొప్పు దర్జాగా పైకి వచ్చింది. పైన మూసే పని తప్పింది కాబట్టి మిగతావి ఇంకా తొందరగా అయ్యాయి. అది నా తప్పే, దాన్ని కూడా ప్రభువు పనిలో పెట్టుకున్నాడు.

క్రిస్మస్ రోజు పాస్టరుగారి పక్కన నిలబడ్డాను. ఆయన దుప్పటి ఇస్తుంటే నేను టోపీ ఇచ్చాను, కుడిచేత్తోనే, వణుకుతూనే ఇచ్చాను, వణికితే ఏమైంది. మూలన పడి ఉన్న నా సహోదరుడా, నా సహోదరీ, నీ పని అయిపోయిందని డాక్టరు అనవచ్చు, చుట్టాలు అనవచ్చు, నీ మనసే అనవచ్చు. ఒప్పుకోవద్దు. నీ చేతిలో మిగిలిన కాస్త బలాన్ని యేసయ్యకు ఇచ్చి చూడు, కొట్లాడైనా సరే అడుగు, ఆయన వింటాడు. తీసుకునే వరసలో నా పేరు పడినా ఇచ్చే వరసలో నన్ను నిలబెట్టిన నా దేవునికి స్తోత్రం.

ఇదే మాట ఆ రోజు మైకులో కూడా చెప్పి, చివరగా వచ్చిన మార్తమ్మ పెద్దమ్మకు టోపీ చాపాను. ఆమె తీసుకోలేదు. పక్కన బల్ల మీద, నేను వద్దన్నాక నా పేరుతో మిగిలిపోయిన దుప్పటి వైపు చూసింది, నా వైపు చూసింది.

"తీస్కునుడు అంత చిన్నతనమైతే, గీ టోపీ నేనెందుకు తీస్కోవాలె కొడుకా? ముందుగాల నువ్వు గా దుప్పటి కప్పుకో, అప్పుడు సూస్త."